అచ్యుతరావు పేరు మీద కుట్టిన కోటు

అమీర్‌పేట,
12 జూన్ 2005.

హైమవతమ్మ గారికి రాజనర్సయ్య నమస్కారాలు.

నా దస్తూరి బాగుండదు. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకే చదివాను. ఒత్తులు పడవలసిన చోట పడవు, అక్కరలేని చోట పడతాయి. ఈ చేతికి సుద్దముక్కతో గుడ్డ మీద గీయడమే అలవాటు. తప్పులుంటే మన్నించి చదువుకోండి. మీ మనవరాలు ఫోను చెయ్యమంది. ఫోనులో నాకు మాట రాదు.

నేను టైలర్ని. అమీర్‌పేట చౌరస్తా వెనక సందులో, ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మెట్ల కింద నా దుకాణం. ఒక మిషను, ఒక బల్ల. పది రోజుల కింద భానుశ్రీ అనే అమ్మాయి వచ్చింది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటుందట. పైన ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నది. సంచిలోంచి బూడిద రంగు ఉన్ని కోటు, ప్యాంటు తీసి బల్ల మీద పెట్టింది.

"తాతగారూ, ఇవి మగవాళ్ళవి కావు. మా చిన్నమ్మమ్మవి. నాకు సరిపోయేలా చేస్తారా? వచ్చే నెల ఇంటర్వ్యూలకి వేసుకోవాలి."

కాలరు తిప్పి చూశాను. అస్తరు ఎత్తి చూశాను. ఆ కుట్టు నాది.

1966లో పంజాగుట్టలో, నాకు పని నేర్పిన ఉస్తాద్ దుకాణంలో కుట్టాను. వెడల్పు భుజాలు, లోపల గుర్రపు వెంట్రుకల కాన్వాసు, ప్యాంటుకు ముందు రెండేసి మడతలు, నడుము బాగా పైకి. మీరు ఇంగ్లీషు పత్రికలోంచి ఒక బొమ్మ చింపి తెచ్చారు. అందులో దొరసాని కోటు తొడుక్కుని, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉంది. ఆడమనిషి అట్లా నిలబడడం నేను చూసింది అదే మొదలు.

నేను మీకు గుర్తుండను. అప్పుడు ఇరవై ఆరేళ్ళవాణ్ణి. ఉస్తాద్ వెనకాల కూర్చుని కుట్టేవాణ్ణి.

గుడ్డ ఎవరిదో వాళ్ళ మాట లేకుండా కత్తెర పెట్టొద్దని ఉస్తాద్ చెప్పేవాడు. అందుకే రాస్తున్నాను. నడుము దగ్గర రెండు అంగుళాలు, చేతులు అంగుళంన్నర తీయాలి. మీరు సరే అంటే తీస్తాను.

ఇట్లు,
రాజనర్సయ్య


కాకినాడ,
20 జూన్ 2005.

రాజనర్సయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. దస్తూరి బాగానే ఉంది. విషయమే బాగాలేదు.

ఆ కోటు నేనెవరికీ ఇవ్వలేదు. భానుశ్రీ వేసవిలో వచ్చి నా ట్రంకు పెట్టె అడుగునుంచి అడక్కుండా పట్టుకుపోయింది. కత్తెర పెట్టకండి. కోటూ ప్యాంటూ పార్సెల్ కట్టి పంపండి.

మీరు నాకు గుర్తుండరని రాశారు. ఎందుకు గుర్తుండరు? నేనారోజు మీ దుకాణంలో నిలబడి ఉన్నాను. అన్నయ్య అచ్యుతరావు గుమ్మంలోంచి అరుస్తున్నాడు. మీరు తల వంచుకుని కాజాలు కుడుతున్నారు. ఒకటి అయిపోయాక ఇంకోటి. అన్ని కాజాలున్న కోటు నేనెక్కడా చూడలేదు.

నేను ఇంజనీరింగు ఆఫీసులో డ్రాయింగులు గీసేదాన్ని. పెద్ద బల్ల మీద వంగితే పమిట జారి తడి సిరా మీద పడేది. ఓసారి మూడు వారాల పని అలాగే అలుక్కుపోయింది. పమిట కొంగు దోపుకోవాలి గదమ్మా అన్నాడు పెద్ద ఇంజనీరు. అందుకని కోటూ ప్యాంటూ కుట్టించుకున్నాను. షోకుకి కాదు. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు వేసుకెళ్ళాను. పదకొండు గంటలకి ఇంటికి పంపేశారు. సాయంత్రానికి అన్నయ్య నన్ను వెంటబెట్టుకుని మీ దుకాణానికి వచ్చాడు. వారానికల్లా నన్ను కాకినాడ రైలెక్కించారు. ఇక్కడి బాలికల బడిలో పిల్లలకి మామిడిపిందెలు గీయడం నేర్పి రిటైరయ్యాను.

ఆ పిల్లకి ఇదంతా తెలీదు. తెలియక్కర్లేదు. పార్సెల్ పంపండి.

హైమవతి


అమీర్‌పేట,
27 జూన్ 2005.

హైమవతమ్మ గారికి నమస్కారాలు.

కత్తెర పెట్టలేదు. పార్సెల్ కూడా కట్టలేదు. ఎందుకో రాస్తాను, పూర్తిగా చదివి అప్పుడు తిట్టండి.

గురువారం భానుశ్రీ ఆ కోటు ఉన్నదున్నట్టే వేసుకుని, నడుముకు పిన్నులు పెట్టుకుని, పైన క్లాసుకు పోయింది. హనుమత్ప్రసాద్ అని ఒక సారు ఉన్నాడు. ఇంటర్వ్యూలో ఎట్లా కూర్చోవాలి, ఎట్లా నవ్వాలి, అది నేర్పుతాడు. కంపెనీలకు ఎవరి పేర్లు పంపాలో లిస్టు రాసేది కూడా అతనే. నా దుకాణం మెట్ల కిందే కదా. పైన మాటలన్నీ కిందికి వినబడతాయి.

"ఏంటమ్మా ఇది? ఇంటర్వ్యూనా, ఫ్యాన్సీ డ్రెస్ పోటీనా?"

"కోటు సార్. అబ్బాయిలు వేసుకొచ్చారు కదా, అలాగే."

"ఎవరిదిది? మీ నాన్నదా?"

"మా చిన్నమ్మమ్మది సార్."

"చిన్నమ్మమ్మా? చిన్నతాతయ్యా?"

నలభై మంది నవ్వారు. ఆ నవ్వు మెట్లు దిగి నా మిషను మీద పడ్డది.

చుడీదార్ వేసుకుని, చున్నీకి పిన్ను పెట్టుకుని వస్తేనే పేరు ఉంచుతానని, లేకుంటే లిస్టులోంచి తీసేస్తానని అన్నాడు. అమ్మాయి సరే అనలేదు. పేరు తీసేశాడు. పైగా పంజాగుట్టలో ఉన్న మీ అన్నగారికి ఫోను చేశాడు. హాస్టల్లో గార్డియను ఆయనేనట. మీ అన్నగారు వచ్చే నెలాఖరుకు కోర్సు మాన్పించి కాకినాడ పంపేస్తానని చెప్పారట. కోటు మాట వినగానే మండిపడ్డారట.

భానుశ్రీ కిందికి వచ్చి నా స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. "తాతగారూ, వాళ్ళు వేసుకుంటే ప్రొఫెషనల్, నేను వేసుకుంటే వేషమా?" అన్నది. నేను సూదిలో దారం ఎక్కించసాగాను. నా భార్య బుచ్చమ్మ అన్నం గిన్నె తెచ్చి అక్కడే నిలబడి ఉంది. ఆమె ఊరుకుంటుందా.

"ఆ సారుకేం నొస్తున్నది? పొల్లకు మస్తుగున్నది గద! ఆడిది ప్యాంటేసుకుంటే భూమి తలకిందులైతదా?" అని అరిచింది. పైకి వినబడాలనే అరిచింది. తరువాత నావైపు తిరిగింది. "నువ్వెందుకు గమ్మునున్నవ్? సూది మింగినవా?"

అమ్మా, ఆ రోజు నేను తల ఎత్తలేదు. మీరు రాసింది నిజం. కాజాలు కుట్టిన మాట కూడా నిజం. ఒక కాజాను రెండుసార్లు కుట్టాను, చెయ్యి ఖాళీగా ఉంటే మాట్లాడవలసి వస్తుందని.

మొన్న నాకు కోపం వచ్చింది. నలభై ఏళ్ళ కింద రావలసిన కోపం. ఆలస్యంగా వచ్చింది, కాని పోవడం లేదు. రాత్రి అన్నం సయించడం లేదు. ఇద్దరు ఆడపిల్లలను ఒకటే కోటుకు ఇంటికి పంపడమా? నడుమ ఇంత కాలం పోయింది, ఊరంతా కంప్యూటర్లు వచ్చాయి, వీళ్ళకు ఇంకా చున్నీ పిన్నే కావాలా?

పార్సెల్ కట్టమంటే కడతాను. మీ కోటు. కాని ఒక్కసారి ఆలోచించండి.

రాజనర్సయ్య


కాకినాడ,
4 జూలై 2005.

రాజనర్సయ్య గారూ,

మీ కోపం ఆలస్యంగా వచ్చిందన్నారు. రైలు కాదు కదండీ, ఆలస్యంగానైనా వచ్చిందని సంతోషించడానికి. మీకు అన్నం సయించకపోతే నాకేం ఒరిగింది?

కానీ ఆ "చిన్నతాతయ్యా?" అన్న మాట దగ్గర ఉత్తరం మడిచి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. మళ్ళీ వచ్చి చదివాను.

మీకో నిజం చెప్పాలి. కిందటి ఉత్తరంలో షోకుకి కాదని రాశాను. షోకుకి కూడానండీ. అబద్ధమెందుకు? పమిట ఒక సాకు. ఆ పత్రికలో బొమ్మని నేను ఏడాదిపాటు నిఘంటువులో దాచుకుని చూశాను. ఆవిడ అందం కోసం కాదు. ఆవిడకి ఎవరూ చోటు ఇవ్వక్కర్లేదు, ఆవిడ నిలబడ్డ చోటే ఆవిడది. ఆ రోజు పొద్దున అద్దం ముందు జేబుల్లో చేతులు పెట్టుకున్నాను. రెండు నిమిషాలు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో నాకు చేతులెక్కడ పెట్టుకోవాలో అప్పుడు తెలిసింది. బస్టాపు దాకా వెళ్ళేసరికి కుర్రాళ్ళు ఈల వేశారు. అయినా నవ్వుకుంటూనే వెళ్ళాను.

ఆఫీసువాళ్ళు పంపేస్తే తట్టుకున్నాను. తట్టుకోలేనిది మీ దుకాణంలో జరిగింది. మీ ఉస్తాద్ కొలతల పుస్తకం తెరిచి అన్నయ్యకి చూపించాడు. "చూడు సాబ్, నీ పేరు మీదే ఉంది" అన్నాడు. నేను హైమవతి అని నా పేరే చెప్పాను. మీరు రాస్తానన్నారు. తర్వాత దాన్ని తీసేసి అన్నయ్య పేరు ఎందుకు పెట్టాడో మీ ఉస్తాద్‌కే తెలియాలి. దొంగతనంగా తన పేరు వాడుకున్నానని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. నన్ను ఆపింది కోటు కాదు, ఆ మాట. అబద్ధాలకోరు మాట ఇంట్లో ఎవరు వింటారు?

ఇప్పుడదే మనిషి ఈ పిల్లని రైలెక్కిస్తానంటున్నాడు. అన్నయ్య ఇల్లు మీకు నడిచివెళ్ళే దూరం. చిరునామా వెనకవైపు రాశాను. నేను పేరు చెప్పినప్పుడు మీరక్కడే ఉన్నారు. టేపు నా చేతికిచ్చి, నేనే నా కొలతలు పైకి చదువుతుంటే విన్నది మీరే. వెళ్ళి ఆ ఒక్క మాట చెప్పగలరా?

చెప్పగలిగితే కత్తెర సంగతి ఆలోచిస్తాను. లేకపోతే పార్సెల్.

హైమవతి


అమీర్‌పేట,
11 జూలై 2005.

హైమవతమ్మ గారికి,

పోయాను. మూడు రోజులు ఇంటి ముందు దాకా పోయి తిరిగి వచ్చాను. నాలుగో రోజు గేటు తీశాను.

మీ అన్నగారు వరండాలో పేపరు చదువుతున్నారు. నన్ను గుర్తుపట్టలేదు.

"ఎవరయ్యా? ఇస్త్రీ బట్టలైతే లోపలివ్వు."

"ఇస్త్రీ కాదు సార్. ఉస్తాద్ దుకాణంల కుట్టెటోన్ని. అరవై ఆరుల. మీ చెల్లె కోటు."

పేపరు మడిచి కిందపెట్టారు.

"ఆ కోటు ఊసు నా ఇంట్లో ఎత్తొద్దు. నా పేరు చెప్పి కుట్టించుకుని నన్ను ఊరంతా నవ్వులపాలు చేసింది."

"ఆమె మీ పేరు చెప్పలేదు సార్. తన పేరే చెప్పింది. మీ పేరు రాసింది నేను."

అమ్మా, ఈ మాట మీకు మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. రెండో దాంట్లో రాయవలసింది. రాయలేదు. ఆ పేరు రాసింది ఉస్తాద్ అని మీరు అనుకున్నారు, అనుకోనిచ్చాను. ఆ మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకు పోయాడు. దుకాణంలో నేనొక్కణ్ణే. మీరు కొలతలు చదివారు, నేను రాశాను. "పేరు హైమవతి అని రాయండి" అన్నారు. రాస్తానన్నాను. మీరు పోయాక పుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మాది గెంట్స్ దుకాణం. ఆ పుస్తకంలో ఆడవాళ్ళ పేరు ఒక్కటి లేదు. ఇంట్లో ఎవరి బట్టయినా ఆ ఇంటి మగవాడి పేజీ కింద రాయడం రివాజు. మీ అన్నగారి పేజీ అప్పటికే ఉంది. దాని కింద రాశాను. ఉస్తాద్ వచ్చి చూసి, మీ అన్నగారే పంపారనుకున్నాడు. ఉస్తాద్ అబద్ధం ఆడలేదు. పుస్తకం ఆడింది, నా చేత్తో.

ఇది ఆ ఇంటి వరండాలో కూడా చెప్పాను. అంత మాట ఒక్కసారిగా నేను ఎన్నడూ మాట్లాడలేదు.

"మరి ఆ రోజు నోరు పడిపోయిందా?" అన్నారు.

"పడిపోయింది సార్."

"ముప్పై తొమ్మిదేళ్ళుగా దాన్ని అబద్ధాలకోరు అంటున్నానయ్యా! అది ఇంటికొస్తే పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడొచ్చి చెబుతావేంటి, గుమ్మంలో నిలబడి?"

"లోపటికి పిలువలేదు సార్."

కొట్టేంత కోపంగా చూశారు. తరువాత కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు. లోపల కుక్కరు కూతలు వేసింది.

"పిల్లను ఊరికి పంపకుండ్రి సార్," అన్నాను.

"ఆ వేషం నేను ఒప్పుకోను."

"ఒప్పుకోకుండ్రి. పంపకుండ్రి."

పేపరు తీసుకున్నారు. మళ్ళీ కింద పెట్టారు. "ఒప్పుకోను. ఆపను. వెళ్ళు" అన్నారు.

ఇదమ్మా జరిగింది. ఇక మీరు ఏమి రాసినా చదువుతాను.

రాజనర్సయ్య


కాకినాడ,
20 జూలై 2005.

రాజనర్సయ్య గారికి,

మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాస్తే బాగుండదని నాలుగు రోజులు పక్కన పెట్టాను. ఇప్పుడు రాసినా బాగుండేలా లేదు.

మీరు రాశారా! మీ ఉస్తాద్‌ని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. మొహం మీద కాఫీ పోసినట్టు కల కూడా వచ్చేది. పాపం, ఆయనకి నేను క్షమాపణ ఎలా చెప్పను? మీరు చెడ్డవారైతే నాకు సులువుగా ఉండేది. మీరు చెడ్డవారు కాదు, రివాజు ప్రకారం రాశారు. అందుకే నాకు ఒళ్ళు మండుతోంది. నా చుట్టూ ఉన్నవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ రివాజు ప్రకారం నడుచుకున్నారు. నా ఉద్యోగం పోయింది.

మిమ్మల్ని క్షమించానని రాయను. రాస్తే అది అబద్ధం.

ఆదివారం అన్నయ్య ఫోన్ చేశాడు. "హైమా" అన్నాడు. ఆ తర్వాత ఐదు నిమిషాలు హైదరాబాదు వానల గురించి మాట్లాడాడు. పెట్టేశాడు. అన్నయ్యకి అంతకన్నా చేతకాదు. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి ఎందుకెళ్ళానో మర్చిపోయాను.

కత్తెర పెట్టండి. నడుము తగ్గించండి, చేతులు తగ్గించండి. భుజాలు ముట్టుకోకండి. వాటి వెడల్పు చూసి ఎవరైనా జడుసుకుంటే జడుసుకోనివ్వండి. జేబులు అసలే ముట్టుకోకండి.

భానుశ్రీకి చెప్పండి: అడక్కుండా తీసుకెళ్ళినందుకు చెవి మెలిపెడతానని. వేసుకున్నాక ఫోటో పంపమని.

హైమవతి


అమీర్‌పేట,
18 సెప్టెంబర్ 2005.

హైమవతమ్మ గారికి నమస్కారాలు.

ఫోటో మీకు అందిందని భానుశ్రీ చెప్పింది. భుజాలు ముట్టుకోలేదు, చూసే ఉంటారు. ఉద్యోగం వచ్చిన సంగతి కూడా తెలిసే ఉంటుంది. హనుమత్ప్రసాద్ లిస్టులో పేరు పెట్టలేదు. పేపరులో ప్రకటన చూసుకుని, తనే కోటు వేసుకుని ఒక కంపెనీకి పోయింది. వాళ్ళు కోటు గురించి ఒక్క మాట అడగలేదట. టెస్టింగ్ గురించి గంటసేపు అడిగారట. తీసుకున్నారు.

ఇక్కడితో రాయడం ఆపేద్దామనుకున్నాను. మీరు నాతో మాట్లాడాలనుకుంటారో లేదో తెలియదు. కాని ఒకటి జరిగింది. మీకు కాక ఎవరికి చెప్పను?

పిల్ల మంచిది కదా, ఉద్యోగం రాగానే పైకి పోయి అందరికీ స్వీట్లు పంచింది. హనుమత్ప్రసాద్‌కు కూడా ఇచ్చింది. అతను మెట్ల మీద నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. కోటులోనే, చేతులు జేబుల్లో పెట్టుకుని. నేను కిందనుంచి చూశాను. పోనీ బుద్ధి వచ్చింది అనుకున్నాను.

రెండు వారాల కింద సోమవారం పొద్దున దుకాణం తీస్తే, తలెత్తగానే పెద్ద ఫ్లెక్సీ. మా సందంత పొడుగు. "మా విద్యార్థిని భానుశ్రీ" అని ఎర్ర అక్షరాలు. మెడ దాకా భానుశ్రీ. మెడ కింద ఎవరో. నీలం చుడీదార్, పిన్ను పెట్టిన చున్నీ, చేతులు రెండూ ముందుకు కట్టుకుని ఉన్నాయి. ఆ చేతులు కూడా ఆమెవి కావు. ఫోటో స్టూడియోలో అతికించారట. లిస్టులోంచి పేరు తీసేసినవాళ్ళు, ఇప్పుడు పేరు ఉంచుకుని మనిషిని తీసేశారు.

మిషను ముందు కూర్చున్నా చూపు దాని మీదికే పోతున్నది. మిషను ఆపాను. నలభై ఏళ్ళ వృత్తిలో నేను గిరాకీ ఉండగా మిషను ఆపలేదు. మెట్లెక్కి పైకి పోయాను. క్లాసు నడుస్తున్నది. పిల్లలంతా తిరిగి చూశారు. మెడలో టేపు తీయడం మరిచిపోయాను.

"ఏంటి తాతా?" అన్నాడు.

"గా బొమ్మ దించుండ్రి సార్."

"ఎందుకు?"

"గది ఆమె బట్ట కాదు."

నవ్వాడు. "కోటు బొమ్మ పెడితే తల్లిదండ్రులు ఆడపిల్లల్ని చేర్పించరు తాతా. కొంచెం అడ్జస్ట్ చేశాం, అంతే. ఆ పిల్లకి లేని బాధ నీకెందుకు?"

"నౌకరి కోటుకచ్చింది సార్. చున్నీకి రాలే."

వెనక బెంచీలో ఎవరో ఆడపిల్ల చప్పట్లు కొట్టింది. ఒక్కతే. తరువాత ఇంకో రెండు చేతులు. అతని ముఖం మాడింది. "ఆదివారం మాట్లాడదాం, వెళ్ళు" అన్నాడు. ఆదివారం పోతే గది తాళం.

నేను ఊరుకోలేదు. రోజూ పోతున్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గుమ్మంలో నిలబడి "బొమ్మ దించుండ్రి" అంటాను, కిందికి వస్తాను. దుకాణం ఖాళీ చేయిస్తానని ఇంటి యజమానితో చెప్పించాడు. బుచ్చమ్మ "చేయించమను, చేయిస్తే మెట్ల మీదనే మిషను పెట్టుకుందాం" అంటున్నది. భానుశ్రీ ఫోను చేసి "పోనీండి తాతగారూ, అది నేను కాదని నాకు తెలుసు కదా" అన్నది. ఆమె పెద్ద మనసు ఆమెది. నాకు అంత లేదు. రేపు కొత్తగా చేరే పిల్లలు ఆ బొమ్మ చూసి, ఉద్యోగానికి అట్లా చేతులు కట్టుకుని పోవాలి కాబోలు అనుకోరా?

నాకు ఉన్నవి నాలుగు మాటలు. అవి అయిపోయాయి. అతను వాటికి అలవాటు పడ్డాడు. ఇప్పుడు నన్ను చూస్తే గడియారం చూసుకుంటున్నాడు. మీ మాటలు సూదుల్లా ఉంటాయి, నాకు తగిలాయి కనుక తెలుసు. ఆ కోటు మీది. మీ కోటును కోసి పారేసినవాడికి ఏమి చెప్పాలో మీరు ఒక కాగితం మీద రాసి పంపండి. ఎంత పొడుగైనా సరే. కూడబలుక్కునైనా క్లాసు మధ్యలో నిలబడి చదువుతాను. మీ పేరు కూడా చదువుతాను.

నా మీద కోపం అట్లాగే ఉంచుకోండి. అది వేరే లెక్క. ఈ కాగితం మటుకు త్వరగా రాయండి. బొమ్మ ఇంకా వేలాడుతూనే ఉంది.

రాజనర్సయ్య